విదేశవిద్యార్థియు, ఆతిథేయ గృహమును

(గోదావరిఖనిలో జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



విదేశములకు విద్యకై పోవు మన బిడ్డలకు నాలుగు మాటలు చెప్పుమని ఆహ్వానసంఘమువారు నన్ను ఆదేశించినారు. సముద్రము దాటి యెరుగని సంస్కృతపు పంతులు ఈ విషయమున నేమి చెప్పగలడని వెనుక వరుసలలోని యువకులు నవ్వుకొనుచున్నట్లు నాకు తోచుచున్నది. వారి నవ్వు న్యాయమే. అయినను నా శిష్యులలో పలువురు జర్మనీ, ఇంగ్లండు, అమెరికా, ఆస్ట్రేలియా దేశములకు పోయి చదివినారు, చదువుచున్నారు. వారు నాకు వ్రాయుదురు. సెలవులకు వచ్చినప్పుడు మా యరుగుపై కూర్చుండి గంటలకొలది చెప్పుదురు. విశ్వవిద్యాలయమును గూర్చి వారు చెప్పునది తక్కువ, తాము వసించిన యింటిని గూర్చి చెప్పునదే యెక్కువ. ఏ గదిలో పండుకొనిరి, ఏమి తినిరి, ఇంటి పెద్దమ్మ యొకనాడు ఏల కోపించెను, వేరొకనాడు ఏల కన్నీటితో సాగనంపెను, ఇవియే వారి కథలు. కావున నేను నేడు చెప్పబోవునది విమానమును గూర్చి కాదు, ఇంటిని గూర్చి. సాయంకాల సభకు రానున్న మూడవ తీర్మానము కూడ ఈ విషయమునకు సంబంధించినదే. దాని మాట చివర చెప్పెదను.

మన పూర్వులు విద్యార్థికి 'అంతేవాసి' యని పేరు పెట్టిరి. ఆ శబ్దమున చదువు మాట లేదు. సమీపమున వసించువాడని మాత్రమే దాని యర్థము. ఒకరి యింట నుండుటయే విద్యలో సగమని వారి భావమై యుండవలెను. గురుగృహమున శిష్యుడు ఆవులను కాచెను, సమిధలు తెచ్చెను, నీరు మోసెను, గురుపత్ని చెప్పిన పని చేసెను. నడుమ దొరికిన వేళ పాఠము వల్లించెను. తిండి విషయమున ఆనాడును చిక్కులు లేకపోలేదు. ధౌమ్యుని శిష్యుడైన ఉపమన్యుని కథ భారతమున మీరందరును వినియున్నదే. వాడు పుష్టిగా నుండుట చూచి గురువు అనుమానించి, భిక్షాన్నము వలదనెను, పాలు వలదనెను, తుదకు దూడలు త్రాగగా రాలిన నురుగును గూడ వలదనెను. ఆకలికి తాళలేక జిల్లేడాకులు తిని, కన్నులు పోయి, నూతిలో పడినాడు. నేటి విద్యార్థులు ఇంటివారు చల్లని రొట్టె పెట్టిరని తల్లికి టెలిఫోను చేసి యేడ్చునప్పుడు ఉపమన్యుని జ్ఞాపకము చేసికొన్నచో కొంత ఊరట కలుగవచ్చును.

అయితే పరదేశమున పరుల యింట నుండి చదివినవారిలో మొదటివాడు నా లెక్కకు కచుడు. దేవతల పక్షమున బృహస్పతి కుమారుడై యుండి, శత్రువులైన దానవుల నగరమునకు పోయి, శుక్రాచార్యుని యింట శిష్యుడుగా చేరినాడు. తాను ఎవరి కుమారుడో దాచలేదు, ఏ కులమువాడో దాచలేదు. శుక్రుడును నీవు మా పక్షమువాడవు కావని పొమ్మనలేదు. దానవులు వానిని చంపిరి, గురువు బ్రదికించెను. మరల చంపి, కాల్చి, ఆ బూడిదను గురువు త్రాగు మద్యమున కలిపిరి. అప్పుడును గురువు తన కడుపు చీల్చుకొని వానిని వెలికి తెచ్చెను. ఇంటి బిడ్డ దేవయాని వానిని ప్రేమించెను. గురుపుత్రివి, నాకు సోదరివని అతడు నిరాకరించెను, శాపములతో విడిపోయిరి. ఈ కథలో నేను మెచ్చునది సంజీవనీ విద్య కాదు. వైరిపక్షమువాని కుమారుని ఇంటిలో చేర్చుకొని, తనవారే వానిని చంపగా తనవారికి విరుద్ధముగా వానిని కాపాడిన ఆతిథేయుని ధైర్యము. అట్టి యింట ఉన్నవాడు తన హద్దు నెరిగి ప్రవర్తించుట రెండవది.

కథలు చాలును, చరిత్రకు వత్తము. క్రీస్తుశకము 7వ శతాబ్దమున చీనాదేశపు భిక్షువు హ్యూయన్‌త్సాంగు నాలందలో శీలభద్రుని యొద్ద చదివెనని బాలురెల్లరును పరీక్షలలో వ్రాయుదురు. ఆయన మన తెలుగునాట ధాన్యకటకమునకు, అనగా నేటి అమరావతికి వచ్చి, కొన్ని నెలలు నిలిచి, సుభూతి, సూర్యుడు అను నిద్దరు భిక్షువులయొద్ద మహాసాంఘికుల అభిధర్మమును చదివెననియు, వారికి తాను ఎరిగిన మహాయాన శాస్త్రములను చెప్పెననియు మాత్రము వ్రాయువారు అరుదు. చదువుకొనవచ్చినవాడు చదువు చెప్పియు పోయెను. అంతకు నాలుగు శతాబ్దములకు పూర్వము, ఇక్ష్వాకు వీరపురుషదత్తుని కాలమున, నాగార్జునకొండలో బోధిశ్రీ యను ఉపాసిక కట్టించిన నిర్మాణములను తెలుపు శాసనము కలదు. అందు సింహళ విహారము పేరు కానవచ్చును. కాశ్మీర, గాంధార, చీన దేశముల ప్రస్తావనయు కలదు. ఆమె రాణి కాదు, గృహిణి. పరదేశపు భిక్షువులు వచ్చి నిలుచుచోట ఒక గృహిణి తన ద్రవ్యము వెచ్చించెనని మనము గ్రహింపవలెను. చూడుడు, ఆతిథ్యపు లెక్కలో తెలుగువారము పుచ్చుకొనినవారము మాత్రమే కాము, ఇచ్చినవారము కూడ.

ఈ బొగ్గుగనుల ప్రాంతమున ఆతిథేయగృహమనిన ఏమో తెలియనివారు లేరు. పేరు వేరు, అంతే. 1960 ప్రాంతమున ఇచ్చట గనులు త్రవ్వ నారంభించిన నాటినుండి కరీంనగరము, ఆదిలాబాదు, వరంగల్లు పల్లెలనుండి మనవారు బాయి పనికి వచ్చిరి. గనిని మనవారు బాయి యనుటయే వాడుక. సింగరేణి క్వార్టరనగా రెండు గదులు, ఒక వంటచోటు. అందు భార్యాభర్తలు, ముగ్గురు పిల్లలు, ఒక ముసలితల్లి. వీరికి తోడు ఊరినుండి హైస్కూలు చదువునకై వచ్చిన మేనల్లుడో, తమ్ముడో, చిన్నమ్మ కొడుకో. మామ నైట్ షిఫ్టు చేసి ఉదయము 7 గంటలు దాటిన పిమ్మట బొగ్గుమసి కన్నులతో ఇంటికి వచ్చి పండుకొనును. ఆ పండుకొనిన వేళ ఇల్లంతయు గుసగుసలు. పిల్లవాడు పుస్తకము పట్టుకొని బయట వేపచెట్టు క్రింద కూర్చుండవలెను. మామకు రెండవ షిఫ్టు వచ్చినప్పుడు వాడు రాత్రి పదకొండు దాటువరకు మేలుకొని తలుపు తీయవలెను. బొగ్గుపొయ్యి పొగలో అత్త రొట్టెలు చేయుచుండగా వాడు కుళాయివద్ద వరుసలో నిలిచి నీరు పట్టితెచ్చును, గిర్నీకి పోయి పిండి పట్టించును, చదువురాని ఇరుగుపొరుగువారికి దరఖాస్తులు వ్రాసిపెట్టును.

ఆ యత్త "తిన్నవా బిడ్డా" యని యడుగునే కాని, వాడు తిన్న రొట్టెలను లెక్కపెట్టలేదు. లెక్కపెట్టిన యత్తలును గలరు, అబద్ధమేల? తన కొడుకు పదవ తరగతి తప్పి, మేనల్లుడు మొదటి శ్రేణిలో ఉత్తీర్ణుడైననాడు ఆ యింటిలో ఎవరును సరిగా అన్నము తినలేదని నా శిష్యుడొకడు చెప్పెను. పరుల యింటిలో గెలుచుట యెంత కష్టమో వానికి ఆనాడు తెలిసినదట. ఈ సభలో కూర్చున్న ఇంజనీర్లలో, ఉపాధ్యాయులలో, వైద్యులలో ఎందరు ఇట్లు ఒకరి క్వార్టరులో చాపమీద పండుకొని చదివితిరో చేయెత్తుడని అడిగినచో చేతులు లెక్కకు మించును. అడుగను; మీకు తెలియును.

మన మాజీ ప్రధానమంత్రి పి.వి. నరసింహారావుగారు కూడ బాల్యమున కట్కూరులో బంధువుల యింట నుండి ప్రాథమిక విద్యలో కొంత పూర్తి చేసినవారే. పిదప మంథని నియోజకవర్గమునుండి 1957లో శాసనసభకు ఎన్నికైరి.

ఇక విదేశమున కథ ఎట్లున్నది? గోదావరిఖనిలో భూగర్భమున పనిచేసిన ఒక కార్మికుని కుమార్తె, నా శిష్యురాలు, జర్మనీలో బోకుము పట్టణమునకు ఉన్నతవిద్యకై పోయినది. ఆ పట్టణము రూర్ ప్రాంతమున నున్నది. రూర్ అనగా జర్మనీకి ఒకప్పటి బొగ్గులభాండాగారము. మన సింగరేణివంటి దేశము. విద్యార్థుల వసతిగృహమున చోటు దొరకక, ఒక వృద్ధదంపతుల యింటిలో మేడమీది గది పుచ్చుకొన్నది. ఆ దేశమున కొన్ని పట్టణములలో 'సాయమునకు వసతి' యను నొక పద్ధతి కలదు. గది యెన్ని చదరపు మీటర్లున్నదో నెలకు అన్ని గంటలు ఇంటి పెద్దలకు పని చేసిపెట్టవలెను. అద్దె యుండదు, నీటికిని విద్యుత్తునకును మాత్రమే సొమ్ము. గది 16 మీటర్లైనచో 16 గంటలు. గురుశుశ్రూషకు గడియారము కట్టినట్లున్నదని నేనంటిని. అమ్మాయి నవ్వి, "సారూ, గడియారము కట్టినందుననే జగడము లేదు" అన్నది. ఆలోచింపదగిన మాట. మన యిండ్లలో సాయమునకు హద్దు లేదు, కావున మనసులో లెక్కలు పెరుగును.

మొదటి నెల ఆమెకు కష్టముగా గడచినది. చలికాలమున మంచు కురియుచుండగా పెద్దమ్మ ఉదయమున వచ్చి కిటికీలన్నియు బార్లా తెరచును. గాలి మారనిచో గోడలకు తేమ పట్టి బూజు వచ్చునని ఆమె భయము. ఈమె మూయును, ఆమె తెరచును. రాత్రి భోజనమనగా వేడి లేని రొట్టె, వెన్న, జున్ను, దోసకాయ ముక్కలు. చెత్తకు ఒకటి కాదు, నాలుగు తొట్లు: కాగితమునకు ఒకటి, కూరగాయల తొక్కలకు ఒకటి, డబ్బాలకును సంచులకును ఒకటి, మిగిలినదానికి ఒకటి. ఒక కాగితము తప్పుతొట్టిలో పడినచో ఇంటి పెద్దాయన దానిని మెల్లగా తీసి, ఏమియు ననక సరియైన దానిలో వేయును. ఆ యేమియు ననకపోవుటయే తనకు తిట్టువలె తగిలెనని ఆమె చెప్పినది. త్రాగి పారవేయు నీళ్ళసీసాకు 25 సెంట్లు ముందే పుచ్చుకొందురు, సీసా తిరిగి యిచ్చినచో ఆ సొమ్ము తిరిగి వచ్చును. ఆదివారము నిశ్శబ్దదినము, మేకు కొట్టరాదు, యంత్రములు మ్రోగింపరాదు.

అట్టి యాదివారమున ఈమె ప్రెషరు కుక్కరులో పప్పు పెట్టినది. మూడవ కూత వినబడగానే ప్రక్కయింటివారు కిటికీనుండి తొంగిచూచిరి. పిమ్మట ఎండుమిరపకాయలతో తాలింపు వేయగా కప్పుకు బిగించిన పొగగంట మ్రోగ నారంభించినది. పెద్దాయన నిచ్చెన తెచ్చి ఎక్కి గంట నాపి, దగ్గుచు దిగి, ఆ పప్పు తనకును కొంచెము పెట్టుమని యడిగెనట. ఆనాటినుండి నెలకొక ఆదివారము ఆ యింట పప్పన్నము; కుక్కరు మాత్రము శనివారమే పొయ్యి యెక్కును.

ఆమె తన తండ్రి యేమి చేయునని వారడిగినప్పుడు, ప్రభుత్వ సంస్థలో ఉద్యోగి యని చెప్పియుండెను. గని కూలియని చెప్పుటకు మనసు రాలేదు. మన పిల్లలకు ఈ సిగ్గు ఎవరు నేర్పిరో మనము ఆలోచింపవలెను. పాఠశాలయే నేర్పినదేమో యని నాకు సందేహము. ఒకనాడు పెద్దమ్మ అలమారు తుడుచుటకు సాయము చేయుచుండగా, పై యరలో ఇత్తడి దీపమొకటి కనబడినది. చూడగానే అది గనిదీపమని గుర్తించినది. "మా బాపు కూడ బాయిల పనిచేసిండు" అని తెలుగులోనే అనేసి, పిదప వారి భాషలో చెప్పినది. వార్తాపత్రిక చదువుచున్న పెద్దాయన లేచి నిలుచుండి, 'గ్లూక్ అవుఫ్' అని చేయి చాచెనట. అది వారి గనికార్మికుల నమస్కారము. గనిలోనికి దిగువాడు క్షేమముగా పైకి వచ్చుగాక యను భావముతో పలుకుదురు. ఆయన ముప్పది యేండ్లు భూగర్భమున పనిచేసినవాడు. మరుసటి వారమున ఆమెను బోకుములోని గనుల మ్యూజియమునకు తీసికొనిపోయి, ప్రతి పనిముట్టును చూపి, మీయొద్ద దీనిని ఏమందురని అడిగెను. ఈమె రాత్రికి రాత్రి తండ్రికి టెలిఫోను చేసి పేర్లు తెలిసికొని వ్రాసికొన్నది. తట్టాచెమ్మాసు అను మాటను ఆ వృద్ధుడు పలుకలేక పలికినప్పుడు తండ్రి టెలిఫోనులోనే పకపక నవ్వెనట. తండ్రి యట్లు నవ్వుట తాను అంతకుముందు విని యెరుగనని ఆ బిడ్డ చెప్పినది.

ఆ దేశపు చివరి రాతిబొగ్గు గని బోట్రోపులో 2018 డిసెంబరు 21న మూతపడినది. గని మూతపడిన ఊరెట్లుండునో ఆ వృద్ధుడు చూచినాడు. మన ఖనిలో భూగర్భగనులు ఒక్కొక్కటిగా మూతపడుట మనము చూచుచున్నాము. ఇరువురి మాటలు కలియుటకు ఇంతకన్న నేమి కావలెను? కులము కలియలేదు, మతము కలియలేదు, భాష కలియలేదు, దీపము కలిసినది.

తక్కిన దేశముల యాచారములను క్లుప్తముగా చెప్పెదను. జపానులో ఇంటి స్నానపు తొట్టిలోని వేడినీరు కుటుంబమంతటికి ఒక్కటే. బయట ఒడలు కడుగుకొనిన పిమ్మటనే దానిలో దిగవలెను, దిగి సబ్బు రాయరాదు. ఇంగ్లండులో చిన్నపనికైనను దయచేసి, కృతజ్ఞుడను అని నోటితో చెప్పవలెను. మనవలె కంటితోనో నవ్వుతోనో చెప్పిన చెల్లదు. మనయింట అన్నము పెట్టిన తల్లికి కృతజ్ఞతలు చెప్పిన ఆమె నొచ్చుకొనును. అచ్చట చెప్పనిచో నొచ్చుకొందురు. అమెరికాలో కుక్క ఇంటిలోని మనిషి, దానిని తరుమరాదు. శీతలపేటికలోని పదార్థము ఎవరిదో తెలిసికొని తీయవలెను. అన్నిట ముఖ్యము, రాత్రి ఆలస్యమగునెడల ముందే తెలుపవలెను.

ఆతిథేయులు రెండు విధములు. సొమ్ము పుచ్చుకొని చోటిచ్చువారు ఒకరు; ఏమియు పుచ్చుకొనక బిడ్డవలె ఉంచుకొనువారు మరియొకరు. మొదటి ప్రపంచయుద్ధమున గాయపడినవారిని మోసిన స్వచ్ఛందసేవకుల సంస్థ యొకటి అమెరికాలో కలదు, ఏ.ఎఫ్.ఎస్. అని దాని పేరు. 1947నుండి అది హైస్కూలు బాలబాలికలను దేశాంతరమునకు పంపి, కుటుంబములలో ఉంచుచున్నది. ఆ కుటుంబములు జీతము పుచ్చుకొనవు. అంతకుముందే 1932లో డొనాల్డ్ వాట్ అను నతడు ఇట్టి ప్రయత్నము నారంభించెను. దేశములు యుద్ధములు చేయకుండవలెననిన ఒకరి వంటయింటిలో ఒకరు కూర్చుండవలెనని వీరి యాలోచన. మన యువకులలో పెక్కురు అమెరికా పోయి, నలుగురైదుగురు తెలుగువారే కలిసి ఒక యిల్లు పుచ్చుకొని, తెలుగు వంట, తెలుగు సినిమా, తెలుగు జగడములతో రెండేండ్లు గడుపుదురు. ఖర్చు తగ్గును, ఒప్పుకొందును. కాని అట్లు గడిపినవాడు ఆ దేశమునకు పోయెననుట కష్టము. దిల్‌సుఖ్‌నగరమునే కొంచెము దూరము జరిపి కట్టుకొన్నాడు.

తల్లిదండ్రుల భయమును నేను తేలికగా తీసికొనుట లేదు. మాంసము ముట్టనని తల్లికి మాట యిచ్చి 1888లో లండనుకు పోయిన గాంధీమహాత్ముడు ఒక వితంతువు యింట చేరి, ఇంకొక రొట్టెముక్క కావలెనని అడుగుటకు సిగ్గుపడి ఆకలితో గడిపినాడు. ఇంటి యమ్మాయిలే గ్రహించి ఒకటి రెండు ముక్కలు అదనముగా పెట్టెడివారు. ఇక బాలికల సంగతి. నా సలహా యేమనగా, గది తలుపునకు గడియ యున్నదా, ఒప్పందము వ్రాతలో నున్నదా, ఎన్ని గంటల పని, ఎన్ని దినముల ముందు తెలిపి వెడలిపోవచ్చును, ఆపదలో పిలువవలసిన సంఖ్య యేది, ఈ ఐదును పోకముందే తెలిసికొనవలెను. ఏ యిల్లైనను మనసునకు కీడు తోచినచో ఆ దినముననే విడిచిపోవు స్వేచ్ఛ బిడ్డకు ఉండవలెను. పరువు పోవునని ఓర్చుకొమ్మని తల్లిదండ్రులు చెప్పరాదు. అయితే ఈ ఐదింటిలో ఆతిథేయుని కులమేమి యను ప్రశ్న లేదని గమనింపుడు. మనవారి యింట బిడ్డ క్షేమముగా నుండుననుట నమ్మకమే కాని ప్రమాణము కాదు.

ఆనందీబాయి జోషి పేరు స్త్రీలలో కొందరైనను వినియుందురు. మహారాష్ట్ర బ్రాహ్మణ యువతి. వైద్యవిద్యకై 1883లో, పదునెనిమిదవ యేట, ఒంటరిగా అమెరికా పోయెను. కార్పెంటరను నొక క్రైస్తవ గృహిణి, దంతవైద్యుని యొద్ద వేచియుండి చేతికందిన పత్రికలో ఆమె సంగతి చదివి, పరిచయము లేకయే ఉత్తరము వ్రాసి, న్యూజెర్సీ రాష్ట్రములోని తన యింటికి పిలిచెను. ఆనందీబాయి ఆ యింట చీర కట్టుకొని, తన శాకాహారము తాను వండుకొని బ్రదికినది. 1886లో వైద్యపట్టము పొంది, స్వదేశమునకు వచ్చి, 1887లో క్షయవ్యాధితో మరణించినది. ఆమె చితాభస్మమును కార్పెంటరుగారికి పంపగా, ఆమె దానిని తమ కుటుంబ శ్మశానమున, తమవారి సమాధుల నడుమ నిలిపినది. న్యూయార్కు రాష్ట్రములో పొకిప్సీ యను చోట అది నేటికిని ఉన్నది. ఏ కులపట్టికలో వెదకినచో ఆనందీబాయికి ఆ యిల్లు దొరకియుండెడిది?

ధనము మాటయు చెప్పవలెను. నేడు వెనుకబడిన తరగతుల విద్యార్థులకు తెలంగాణ ప్రభుత్వము మహాత్మా జ్యోతిబా ఫూలే పేర విదేశీ విద్యానిధి నుండి 20 లక్షల రూపాయలవరకు సాయము చేయుచున్నది. మన పద్మశాలి బిడ్డలు దీనికి అర్హులు. అయినను చాలదు. జర్మనీలో ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో బోధనరుసుము చాలచోట్ల లేదుకాని, బ్రదుకుటకు సొమ్మున్నదని చూపుటకు 2024 సెప్టెంబరునుండి సంవత్సరమునకు 11,904 యూరోలు ప్రత్యేక ఖాతాలో ముందే నిలుపవలెను. నెలకు 992 మాత్రమే చేతికి వచ్చును. మన సంఘ విద్యానిధి ఋణము ఇచ్చట పనికివచ్చును. ఇట్టి నిధులు చేసిన మేలునకు గొప్ప దృష్టాంతము యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన అమెరికా పోవుటకు మామగారి ధనముతోపాటు కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ సాయము ఊతమైనది. రంగూనులో ధనమార్జించిన నాయకరుగారిది ఒక కులము, సుబ్బారావుగారిది వేరొక కులము. ఆ నిధి కులమడిగి ద్వారము మూసియుండినచో, బోస్టనులో రాత్రివేళ ఆసుపత్రిలో పనిచేయుచు చదివి, పిదప ఎన్నో మందులకు మూలపురుషుడైన ఆ మహనీయుడు ఓడ యెక్కియుండునో లేదో.

ఇప్పుడు మూడవ తీర్మానము. మన సంఘ విద్యానిధి నుండి ఋణము పుచ్చుకొని విదేశమునకు పోవు విద్యార్థి, అచ్చటనున్న మన కులస్థుల గృహముననే వసింపవలెననియు, అందులకై అట్టి గృహముల పట్టిక సిద్ధపరుపవలెననియు దానిలోని విషయము. పట్టికను నేను మనసారా సమర్థింతును. మనము మగ్గము భుజమున వేసికొని షోలాపురమునకు, భీవండికి, బొంబాయికి వలసపోయిన జాతివారము. ఊరు తెలియని చోట మనవాని యింటి యరుగు ఎంత యాదరువో మన తాతలకు తెలియును. ఆ యాదరువు విదేశమునను ఉండవలెను. నా యాక్షేపణ 'గృహముననే' యను ఏకారమును గూర్చి. ఆ యొక్క యక్షరము ఉన్నచో నేను చెప్పిన బోకుము బిడ్డకు మన నిధినుండి రూపాయి దొరకదు. ఆ వృద్ధదంపతులు మనవారు కారు. మనవారి యిల్లు విశ్వవిద్యాలయమునకు వంద మైళ్ళ దూరముననున్నచో విద్యార్థి యేమి చేయవలెను? విదేశముననున్న మన దంపతులు ఇద్దరును ఉద్యోగములకు పోవుచు, రెండు గదులలో ఇద్దరు పిల్లలతో నుండినచో, సంఘము పేర వారిపై బలవంతముగా అతిథిని రుద్దుట న్యాయమా?

ఇంకొక మాట కలదు. అది చేదుగా నుండును. 2022లో మన రామగుండమునకు వైద్యకళాశాల వచ్చినది. దూరపు జిల్లాలనుండి విద్యార్థులు వచ్చుచున్నారు. ఒక తండ్రి, వైద్యవిద్యలో చేరిన కుమార్తెతో, గది అద్దెకై మన కాలనీలలో ఎండలో తిరుగుచుండుట నేను చూచితిని. ప్రతి యింటను మొదట ఊరడిగిరి, పిమ్మట "మీరేమోళ్లు?" అని యడిగిరి. ఆయన దాచక చెప్పెను. గది ఇప్పుడే వేరొకరికి మాటయిచ్చితిమనిరి. నాలుగవ యింటివద్ద ఆయన అడుగకముందే తానే చెప్పి, ఉన్నదా లేదా యని మాత్రము అడిగెను. తలుపువద్ద నిలిచిన ఆ బిడ్డ చేతిలోని ఎముకల శాస్త్రపు పుస్తకమును చూచుచుండెనే కాని తలయెత్తలేదు. ఆ యిండ్లలో మనవారివి రెండు. పేర్లు చెప్పను. అందొక యింటి కుమారుడు ఆస్ట్రేలియాలో ఒక కుటుంబమున చేరి, వారు తన్ను కొడుకువలె చూచుచున్నారని తల్లికి వ్రాయుచున్నాడు. ఆ యుత్తరమును ఆ తల్లియే నాకు చదివి వినిపించినది. తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో తల్లిని, తండ్రిని, ఆచార్యుని చెప్పిన పిమ్మట అతిథిని దైవముగా చూడుమని గురువు శిష్యునకు ఆదేశించును. నేను అరువది దాటువరకు ఆ వాక్యమును వల్లించితిని. అందు ఏ యతిథి యను విశేషణము నాకు కనబడలేదు.

కావున నేను రెండు సవరణలను సభాధ్యక్షులవారి సమక్షమున నిలుపుచున్నాను. మొదటిది, తీర్మానములో 'మన కులస్థుల గృహముననే' యనుచోట 'తగిన గృహమున' అని మార్చి, తగినదగుటకు నేను చెప్పిన ఐదు విషయములను చేర్చుట. రెండవది, ఖనిలోను రామగుండములోను గదులు గల మన సభ్యులు, ఏ కులపు విద్యార్థికైనను అద్దెకిచ్చుటకు సమ్మతించువారు, తమ పేర్లు వ్రాయించుకొనుటకు ఒక పుస్తకము తెరచుట. ఆ పుస్తకము నేటి ఉదయమే కార్యాలయపు బల్లమీద నుంచితిని. మొదటి పేరు మాది. మేడమీద ఒక గది, స్నానపుగది వేరు, కుళాయి నీరు రోజు విడిచి రోజు. భోజనవిరామమున సభ్యులు అటు వచ్చి చూడవచ్చును.